వెన్నుకి దెబ్బ తగిలాక మూత్రం సంగతి: గడియారం, కొలగ్లాసు, ఒక నోటుబుక్కు

2016 వేసవిలో కొబ్బరి దింపుకి చెట్టెక్కి జారిపడ్డాను. మా ఉద్దానంలో (శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి తోటల సీమ) చెట్టు మీంచి పడడం వింత కబురేం కాదు. డి10 (ఛాతీ వెనక ఉండే పూసల్లో పదోది) దగ్గర వెన్నుపూస విరిగి లోపలి వెన్నుపాము నలిగింది. ఆపరేషన్ అయ్యాక చూడ్డానికొచ్చిన చుట్టాలందరూ అడిగింది ఒక్కటే: "కాళ్ళొస్తాయా?" ఒంటేలు సంగతి ఒక్కరూ అడగలేదు, నేనూ అడగలేదు. డిశ్చార్జి చేసిన ఆసుపత్రిలో యూరిన్ పైపు, బ్యాగు తగిలించి "నెలకోసారి మార్పించుకోండి" అని పంపేశారు. ఆ ఒక్క మాట పట్టుకుని పద్నాలుగు నెలలు బతికాను. ఆ పద్నాలుగు నెలల్లో ఐదుసార్లు చలిజ్వరం, మూత్రసంచిలో రాయి, బ్యాగు వాసనకి సిగ్గుపడి వీధి అరుగు మీదకి కూడా రాకపోవడం. నన్ను ఇంట్లో కట్టిపడేసింది కాళ్ళు కాదు, ఆ పైపు.

ఇప్పుడు పైపు ఒంట్లో ఉండదు. రోజుకి ఐదుసార్లు నేనే పెట్టుకుని, ఖాళీ చేసి, తీసేసుకుంటాను. ఒక్కోసారికి పది నిమిషాలు. మిగతా పొద్దంతా కొబ్బరి డిపోలో లెక్కలు రాసుకుంటాను. అక్కడిదాకా ఎలా వచ్చానో వరసలో రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. మందులు, పైపు సైజులు మీ డాక్టరు చూసి చెప్పాకే మొదలుపెట్టండి.

1. ముందు మీ మూత్రసంచి ఏ రకమో తెలుసుకోండి

మూత్రసంచి రెండే పనులు చేస్తుంది: నిండేదాకా మెత్తగా పట్టి ఉంచడం, వదలమన్నప్పుడు వదలడం. వెన్నుపాము చివర్న, త్రికాస్థి నరాలు బయల్దేరే చోట (డాక్టర్లు ఎస్2, ఎస్3, ఎస్4 అంటారు) దీనికో చిన్న ఆఫీసు ఉంది. పెద్దాఫీసు మెదడులో ఉంది. మధ్యలో వైరు తెగితే ఈ రెంటికీ మాటల్లేవు.

దెబ్బ తగిలిన కొత్తలో, కొన్ని వారాల నుంచి కొన్ని నెలల వరకు, అంతా నిద్రలో ఉంటుంది. సంచి నిండుతుంది గాని కదలదు. ఆ రోజుల్లో పైపు తప్పదు, దాని మీద నాకు పేచీ లేదు. ఆ తర్వాత దారి రెండుగా చీలుతుంది.

దెబ్బ నడుం భాగంలో, ఆ చిన్న ఆఫీసు మీదే పడితే సంచి వదులైపోతుంది. సాగిన బెలూన్‌లా నిండుతూనే ఉంటుంది, పట్టలేక పైనుంచి చుక్కచుక్కగా కారుతుంది. కారుతోంది కదా, ఖాళీ అవుతోందిలే అనుకుంటారు. లోపల అర లీటరు అలాగే ఉంటుంది.

దెబ్బ అంతకన్నా పైన, నాలాగా నడుం పైన గాని, మెడలో గాని అయితే చిన్నాఫీసు బతికే ఉంటుంది, దాన్ని అదుపు చేసేవాడే ఉండడు. కొంచెం నిండగానే సంచి తనంతట తనే బిగుసుకుంటుంది. అదే క్షణంలో కింద తలుపు కండరం కూడా బిగుసుకుంటుంది. మోటారు ఆన్ చేసి గేటువాల్వు కట్టేసినట్టు. నీళ్ళు ఎటు పోతాయి? వెనక్కి, కిడ్నీల మీదకి. నొప్పి తెలియదు గనక ఇది నెలలు, ఏళ్ళు జరిగినా మనకి కబురు అందదు.

ఏది ఏ రకమో యూరోడైనమిక్స్ అనే పరీక్షలో తేలుతుంది. సన్న పైపుతో సంచిలోకి మెల్లగా నీళ్ళు నింపుతూ లోపల ప్రెజర్ ఎంతకి ఎక్కుతోందో చూస్తారు. యూరాలజీ విభాగం ఉన్న పెద్దాసుపత్రిలో అడగాలి, మావైపు వాళ్ళం ఎక్కువగా విశాఖే పోతాం. అడగకపోతే చాలాచోట్ల ఈ పరీక్ష మాట ఎవరూ ఎత్తరు.

ఇక్కడ ఉద్దానం వాళ్ళకి ఒక మాట. మా దగ్గర కిడ్నీ జబ్బు ఎక్కువ కాబట్టి కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు చిన్నపిల్లలకి కూడా 'క్రియాటిన్' (క్రియాటినిన్, కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) అంటే ఏమిటో తెలుసు. రిపోర్టు రాగానే ఆ అంకె చూసుకుని "ఒకటి లోపే ఉంది, పర్వాలేదు" అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. కాని క్రియాటినిన్ పుట్టేది కండలోంచి. మన కాళ్ళ కండ కరిగిపోయింది కాబట్టి, కిడ్నీ నీరసించినా ఆ అంకె మామూలుగానే కనబడొచ్చు. అందుకే ఏడాదికోసారి కిడ్నీలకి, మూత్రసంచికి అల్ట్రాసౌండ్ స్కానింగు తప్పనిసరి. కిడ్నీ వాచిందా, రాయి ఉందా, ఖాళీ చేశాక ఎంత మిగిలింది, ఈ మూడూ రిపోర్టులో రాయమనండి. అనుమానం ఉంటే సిస్టాటిన్-సి అనే రక్తపరీక్ష కండతో సంబంధం లేకుండా కిడ్నీ సంగతి చెబుతుంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకలతో కిడ్నీ ఆసుపత్రి తెరిచాక కిడ్నీ డాక్టరు కోసం మనవాళ్ళు ప్రతిసారీ విశాఖ పరిగెత్తే పని తగ్గింది. "నాది ఉద్దానం కిడ్నీ జబ్బు కాదు, వెన్ను దెబ్బ" అని మాత్రం ముందే చెప్పుకోండి.

బట్ట తడిస్తే సిగ్గు, అంతవరకే. లోపల ప్రెజర్ పెరిగితే కిడ్నీ పోతుంది. ఇంట్లోవాళ్ళందరూ తడి గురించే టెన్షన్ పడతారు, మీరు ప్రెజర్ గురించి పడండి.

2. ఏ దారిలో ఖాళీ చేయాలి

చేతులు పనిచేసేవాళ్ళకి వేళకి పైపు పెట్టి తీసేసే పద్ధతే మొదటి ఎంపిక. ఆసుపత్రుల్లో సీఐసీ అంటారు. చేతులు సాగనివాళ్ళకి, చేసిపెట్టే మనిషి రోజంతా దగ్గర లేనివాళ్ళకి ఎప్పుడూ ఉండే పైపు, లేదా పొత్తికడుపు మీద చిన్న రంధ్రం చేసి నేరుగా సంచిలోకి పెట్టే పైపు. ఎప్పటికీ పైపు తప్పదంటే ఈ రెండోదే మేలని నా అభిప్రాయం. మూత్రనాళం ఒరుసుకుపోదు, భార్యాభర్తల మధ్య అడ్డు ఉండదు, మార్చడం తేలిక. కాకపోతే ఏ పైపైనా ఏళ్ళ తరబడి లోపలే ఉంటే రాళ్ళు, ఇన్ఫెక్షన్లు ఎక్కువ, చాలా ఏళ్ళ తర్వాత మూత్రసంచి క్యాన్సర్ ముప్పు కూడా కొంత పెరుగుతుంది.

మగవాళ్ళకి కండోమ్ కాథెటర్ (కండోమ్‌లా పైన తొడిగి గొట్టంతో బ్యాగుకి కలిపేది) ఉంది. బట్ట తడవకుండా చూస్తుంది, అంతే. లోపల ఎంత మిగులుతోందో, ప్రెజర్ ఎంతుందో చూసుకోకుండా దాని మీదే ఆధారపడితే మోసపోతాం.

పొత్తికడుపు నొక్కి పోయించడం మా ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పే మొదటి చిట్కా. చేయొద్దు. తలుపు మూసున్న సంచిని పైనుంచి నొక్కితే ఏమవుతుందో ఇందాక గేటువాల్వు దగ్గర చెప్పాను.

3. పైపు పెట్టుకోవడం నేర్చుకోవడం

నాకిది వేలూరులో నేర్పారు. మన వైపు నుంచి కాట్పాడి దిగి వేలూరు వెళ్ళే జనం ఎప్పుడూ ఉంటారు కదా. అక్కడి పునరావాస కేంద్రం 1966లో మొదలైంది. దాన్ని కట్టించిన డాక్టర్ మేరీ వర్గీస్ తానే 1954లో కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని, చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసినావిడ. ఆ మాట విన్న రోజు నాకు పైపు భయం సగం పోయింది. అంత దూరం వెళ్ళలేకపోతే దగ్గర్లో యూరాలజీ వార్డు నర్సమ్మ దగ్గర రెండు మూడు రోజులు కూర్చుని నేర్చుకోవచ్చు. ఒక్కసారి చూసి వచ్చేయకండి, ఆమె ముందు మీ చేత్తో మీరు కనీసం నాలుగైదుసార్లు చేయండి.

"ఇంట్లో చేస్తే క్రిములు పోవా?" అని మా అమ్మ భయం. ఈ భయం డాక్టర్లకీ ఉండేది. 1972లో అమెరికాలో జాక్ లాపిడెస్ అనే యూరాలజిస్టు, ఆపరేషన్ థియేటర్ శుభ్రం అక్కర్లేదు, సబ్బుతో చేతులు కడిగితే చాలు, వేళ తప్పకుండా ఖాళీ చేయడమే ముఖ్యం అని చూపించాడు. సంచి మరీ సాగితే దాని గోడకి రక్తం సరిగా అందదు, క్రిములకి అదే సందు అని ఆయన వాదన. కాబట్టి సబ్బు దొరకలేదని వేళ దాటించకండి. తడి తువ్వాలుతో తుడుచుకునైనా వేళకి చేయండి.

కావలసినవి: సాదా నెలటాన్ పైపు (పెట్టి తీసేసే తిన్నని సన్న పైపు), జెల్లీ (పైపు జారడానికి రాసేది), సబ్బు, మూత కొలగ్లాసు లేదా గీతలున్న సీసా, చిన్న తువ్వాలు. పెద్దవాళ్ళకి సాధారణంగా 12 లేదా 14 సైజు వాడతారు. పైపు వెనక రంగు చూస్తే సైజు తెలుస్తుంది: 12కి తెలుపు, 14కి ఆకుపచ్చ, 16కి నారింజ. మందుల షాపులో కుర్రాడు ఏదో ఒకటి చేతిలో పెడతాడు, రంగు చూసి తీసుకోండి.

మగవాళ్ళు ఇలా:

చేతులు సబ్బుతో కడగండి, గోళ్ళ సందుల్లో కూడా. కుర్చీలోనో, మంచం మీద వెనక్కి ఆనుకునో కూర్చోండి. ముందు చర్మం వెనక్కి లాగి శుభ్రంగా కడగండి. పైపు మొదటి జానెడు పొడవునా జెల్లీ పట్టించండి. పిసినారితనం ఇక్కడ వద్దు. అంగాన్ని పొట్టవైపు పైకి నిటారుగా పట్టుకోండి, అప్పుడు లోపలి వంపు తిన్నగా అవుతుంది. పైపు మెల్లగా తోయండి.

ఒక జానెడు దగ్గర ఆగుతుంది. అదే ఆ తలుపు కండరం. ఇక్కడే కొత్తవాళ్ళు కంగారుపడి గట్టిగా నెడతారు, రక్తం వస్తుంది, మళ్ళీ పెట్టుకోవడానికి భయపడతారు. నెట్టకండి. పైపు అలాగే ఆనించి ఉంచి, గుండెల నిండా ఊపిరి తీసుకుని మెల్లగా వదలండి. లేదా ఒక చిన్న దగ్గు దగ్గండి. అర నిమిషం, ఒక్కోసారి నిమిషం. తలుపు తనే వదులుతుంది, పైపు జారుతుంది, వేళ్ళకి ఆ తేడా తెలుస్తుంది. నాకు కింద స్పర్శ లేదు, కాని ఆ జారడం నా కుడిచేతి రెండు వేళ్ళకి ఎనిమిదేళ్ళుగా తెలుస్తూనే ఉంది. ఎంతకీ వదలకపోతే తీసేసి పావుగంట ఆగి మళ్ళీ చూడండి. అప్పటికీ కాకపోతే ఆసుపత్రికి.

మూత్రం రాగానే ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి పంపి ఆపండి. ధార ఆగాక కొద్దికొద్దిగా వెనక్కి లాగండి. మధ్యలో మళ్ళీ ధార వస్తే అక్కడే ఆగండి. అడుగున మిగిలిన ఆ కాస్తే ఇన్ఫెక్షన్‌కి మూలం. పూర్తయ్యాక చివర వేలితో మూసి బయటికి తీయండి. వెనక్కి లాగిన చర్మాన్ని మరవకుండా ముందుకి తెచ్చేయండి. మరిస్తే చర్మం బిగుసుకుని వాచిపోయి అర్ధరాత్రి ఆసుపత్రి పాలవుతారు. స్పర్శ లేనివాళ్ళం, ఆ నొప్పి కూడా తెలియదు.

ఆడవాళ్ళకి నాళం పొట్టి, నాలుగు సెంటీమీటర్లే. కాని చోటు కనబడదు. మొదట్లో కాళ్ళ మధ్య చిన్న అద్దం నిలబెట్టుకుంటారు, అలవాటయ్యాక వేలి గుర్తుతోనే పెట్టేసుకుంటారు. ముందునుంచి వెనక్కే తుడవాలి. పైపు పొరపాటున యోనిలోకి వెళితే దాన్ని అక్కడే ఉంచి, గుర్తుగా పెట్టుకుని, కొత్త పైపుతో దానికి పైన ఉన్న చోట ప్రయత్నించాలి. మాకు తెలిసిన ఒక అక్క కుట్టు మిషను పని చేస్తుంది. చీర కట్టడం మానేసి ముందు తెరుచుకునే నైటీలు తనే కుట్టుకుంది. సగం కష్టం బట్టల దగ్గరే అంటుంది.

పైపు ఒక్కసారి వాడి పారేయడమే అసలు పద్ధతి. రోజుకి ఐదు చొప్పున అందరివల్లా కాదు, అది నాకూ తెలుసు. కడిగి వాడక తప్పదంటే మీ డాక్టరుతో చెప్పి వాడండి: వాడిన వెంటనే సబ్బునీళ్ళతో లోపలా బయటా కడిగి, ధార కింద పట్టి, విదిలించి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, పొడి డబ్బాలో పెట్టాలి. తడి డబ్బాలో మూతపెడితే అది క్రిముల సంత. గట్టిపడినా, మసకబారినా పారేయాలి. ఒకరిది ఇంకొకరు వాడకూడదు.

4. నోటుబుక్కు

అందరూ విసుక్కునేది, నేను మాత్రం వదలనిది ఇదే. సంచి నిండిందని మనకి తెలియదు. తెలియాల్సింది కాగితం మీదే.

ఒక పేజీని మూడు వరసలు చేయండి: ఎన్ని గంటలకి ఏం తాగాను, ఎన్ని గంటలకి ఎంత వచ్చింది, మధ్యలో తడిసిందా. రోజుకి మొత్తం తాగేది లీటరున్నర నుంచి రెండు లీటర్లు. "మొత్తం" అంటే నీళ్ళొక్కటే కాదు. పొద్దున్న చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం మజ్జిగ, రెండు టీలు, చారు అన్నీ లెక్కే. మీ ఇంటి గ్లాసు, చెంబు ఒకసారి కొలిచి అంకె మేకుతో గీసి పెట్టుకోండి. మా ఇంటి స్టీలు గ్లాసు 220 మిల్లీలీటర్లు, మా చెట్టు బొండాం ఒకటి 350 తూగింది.

నా ఒక మంచి రోజు: ఉదయం 6కి 450, పదిన్నరకి 380, మధ్యాహ్నం రెండున్నరకి 400, సాయంత్రం ఆరున్నరకి 350, రాత్రి పదిన్నరకి 320. ఒక చెడ్డ రోజు: పదకొండుకి డిపోలో ఎవరో రెండు బొండాలు కొట్టిచ్చారు, మొహమాటానికి తాగేశాను. రెండున్నరకి 720. ప్యాంటు పొడిగానే ఉంది, మనసులో ఏ బాధా లేదు, పుస్తకంలో అంకె మాత్రం ఎర్ర ఇంకు. అప్పట్నుంచి బొండాం తాగితే వేళ ఒక గంట ముందుకి జరుపుతాను.

ఏ ఒక్కసారీ 500 మిల్లీలీటర్లు దాటకూడదు, 400 దగ్గర ఉంటే మరీ మంచిది. వరసగా మూడు రోజులు దాటుతుంటే వేళల మధ్య దూరం తగ్గించండి. ఎప్పుడూ 200 లోపే వస్తుంటే కొంచెం పెంచవచ్చు, కాని రోజుకి నాలుగుసార్లకి తగ్గకూడదు. "సార్లు తగ్గించుకుందాం" అని నీళ్ళు మానేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. మూత్రం చిక్కబడి రాళ్ళు కడతాయి, ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి, పైగా మన వైపు ఎండలు.

రాత్రి సంగతి విడిగా చెప్పాలి. పొద్దంతా కుర్చీలో కూర్చుంటే నీరు కాళ్ళలో దిగుతుంది. రాత్రి పడుకోగానే అదంతా రక్తంలోకి వచ్చి మూత్రంగా మారుతుంది. సాయంత్రం ఏడు తర్వాత తాగకపోయినా తెల్లారేసరికి 700, 800 వచ్చేవాళ్ళకి కారణం ఇదే. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒక గంట దిండ్ల మీద కాళ్ళెత్తి పడుకోండి. ఆ నీరు పగలే దిగిపోతుంది. ఇది చేశాక నేను రాత్రి రెండింటి అలారం తీసేశాను.

5. పైపు ఎప్పుడూ ఉండాల్సినవాళ్ళకి

బ్యాగు ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే ఉండాలి, నేల తాకకూడదు. కుర్చీ ఎక్కించేటప్పుడు సాయం చేసేవాళ్ళు బ్యాగుని ఒళ్ళో పడేస్తారు, అదొక్కటి ఆపించండి. సగం దాటగానే ఖాళీ చేయండి. పైపుని తొడకో, మగవాళ్ళయితే పొట్టకో టేపు వేసి కట్టండి, వేలాడితే నాళం చీరుకుపోతుంది. తొడ కింద పైపు నలిగితే పుండు పడుతుంది. మార్చే గడువు పైపు రకాన్ని బట్టి ఉంటుంది, మూసుకుపోతుంటే ఇంకా ముందే. బ్యాగులోకి రాకుండా పక్కనుంచి కారుతుంటే పైపు మూసుకుపోయిందో, సంచి బిగుసుకుంటోందో చూడాలి. లావు పైపు వేయించుకుంటే కారడం ఆగుతుందనుకోవడం పొరపాటు.

6. మాత్రలు, ఇంజెక్షను

బిగుసుకునే సంచిని శాంతపరచడానికి ఆక్సిబ్యుటినిన్, టోల్టెరోడిన్, సోలిఫెనసిన్ లాంటివి ఇస్తారు. నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది. నోరెండిందని నీళ్ళు తాగితే పుస్తకం లెక్క తప్పుతుంది. లవంగం ముక్క నోట్లో వేసుకోండి. మిరాబెగ్రాన్‌కి ఆ నోరెండే బాధ తక్కువ. వీటికి లొంగకపోతే సంచి గోడలోకి బోటాక్స్ (కండరాన్ని వదులు చేసే ఇంజెక్షను) వేస్తారు, మామూలుగా 200 యూనిట్లు. ఆరు నుంచి తొమ్మిది నెలలు పనిచేస్తుంది. అది వేశాక సంచి తనంతట తాను ఖాళీ కాదు కాబట్టి పైపు పెట్టుకోవడం ముందే వచ్చి ఉండాలి.

మలబద్ధకం మూత్రానికి కూడా శత్రువే. నిండిన పేగు సంచిని నొక్కుతుంది. దొడ్డికి వెళ్ళే వేళ కూడా ఒకటి ఖాయం చేసుకోండి.

7. మూత్రం మబ్బుగా ఉందని మాత్ర మింగకండి

పైపు వాడేవాళ్ళ మూత్రంలో క్రిములు చాలావరకు ఉంటాయి. పరీక్ష చేస్తే తరచుగా "ఇన్ఫెక్షన్" అనే వస్తుంది. ఒంట్లో బాధ లేకుండా ఆ రిపోర్టుకి మందు వేస్తే మొండి క్రిములు మిగులుతాయి. నాకు మొదటి ఏడాది ఊళ్ళో ఆర్ఎంపీ ప్రతి మబ్బుకీ ఒక కోర్సు ఇచ్చాడు. చివరికి కల్చర్ (ఏ క్రిమి ఉంది, దానికి ఏ మందు పనిచేస్తుంది అని చూసే పరీక్ష) రిపోర్టులో మామూలు మాత్రలన్నిటి ఎదురుగా 'పనిచేయదు' అని ఉంది, ఆసుపత్రిలో చేరి సూదులు వేయించుకోవాల్సి వచ్చింది.

జ్వరం, చలి, ఉన్నట్టుండి కాళ్ళు బిగుసుకుపోవడం పెరగడం, కొత్తగా కారడం మొదలవడం, రక్తం, ఒళ్ళంతా నీరసం: ఇవి ఉంటేనే మందు మాట. మందుకి ముందు కల్చర్‌కి ఇవ్వాలి. బ్యాగులోంచి కాదు, కొత్త పైపు పెట్టి పట్టిన మూత్రం ఇవ్వాలి. చలిజ్వరంతో వాంతులయితే తెల్లారేదాకా ఆగకండి.

8. డి6 అంతకన్నా పైన దెబ్బ ఉన్నవాళ్ళు ఇది గోడకి అంటించుకోండి

మెడ దెబ్బ తగిలిన ఒక తమ్ముడు ఉన్నాడు, మా బంధువే. టెక్కలి దగ్గర ఒక పెళ్ళిలో పంక్తి మొదలవుతోంది. వాడికి ముఖమంతా ఎర్రబడి, నుదుటి మీద చెమట బొట్లు కారుతున్నాయి. "తల పగిలిపోతంది వదినా" అన్నాడు. "ఎండకి సెమట్లు పట్టీసినట్టున్నాయి, పడుకోబెట్టండి" అన్నారెవరో. పడుకోబెట్టడమే చేయకూడని పని. నేను కుర్చీ తోసుకుంటూ వెళ్ళి బ్యాగు చూశాను. ఖాళీ. గంట కిందటా ఖాళీయేనట. తొడ కిందకి చెయ్యి పెడితే పైపు కుర్చీ అంచుకి మడతపడి నలిగి ఉంది. మడత తీయగానే బ్యాగు బుసబుసా నిండింది. ఐదు నిమిషాల్లో వాడు "అన్నా, నీళ్ళియ్యి" అన్నాడు.

దీన్ని ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. కింద ఏదో బాధ, ఎక్కువగా నిండిన మూత్రసంచే, మెదడుకి చేరక బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. మెదడులో రక్తనాళం చిట్లే ప్రమాదం కూడా ఉంది. చేయాల్సింది ఈ వరసలో: నిటారుగా కూర్చోబెట్టి కాళ్ళు కిందకి దించండి. బెల్టు, మొలతాడు, బిగుతు బట్టలు వదులు చేయండి. పైపు మడత, నిండిన బ్యాగు చూడండి. పైపు లేనివాళ్ళకి వెంటనే జెల్లీతో పైపు పెట్టి ఖాళీ చేయండి. మూసుకుపోతే పైపు మార్చండి. తర్వాత పేగు, పుండు, గోరుచుట్టు చూడండి. కొన్ని నిమిషాల్లో తగ్గకపోతే 108.

ఆసుపత్రిలో ఒక చిక్కు. వీళ్ళ మామూలు బీపీ పైఅంకె 90 నుంచి 110 ఉంటుంది. 140 చూసి "పర్లేదు" అంటారు. వీళ్ళకి మామూలు కన్నా 20 నుంచి 40 పెరిగినా అది ఎమర్జెన్సీయే. 150 దాటితే మందు కావాలి. ఈ నాలుగు ముక్కలు, మీ మామూలు బీపీ, ఒక కాగితం మీద రాసి ల్యామినేషన్ చేయించి కుర్చీకి తగిలించండి. వాడుతుంటే వయాగ్రా రకం మాత్ర సంగతి కూడా రాయండి, ఎందుకంటే దానితో కలిపి కొన్ని బీపీ మందులు ఇవ్వకూడదు.

9. గడప దాటడం

ఇంట్లో ముందు తేల్చుకోవాల్సింది, పైపు ఎవరు పెడతారు అన్నది. మొదటి నెలలు నా భార్య పెట్టేది. చేతులు బాగున్నా నేను నేర్చుకోకపోవడం బద్ధకమే. తను పుట్టింటికి వెళ్ళలేదు, పొలానికి వెళ్ళలేదు, రోజుకి ఐదుసార్లు నా దగ్గరే. నేను నేర్చుకున్న వారంలో తను తన చెల్లెలింటికి వెళ్ళి రెండు రాత్రులుండి వచ్చింది. భార్యాభర్తల కలయికకి ముందు సంచి ఖాళీ చేసుకోండి, సగం భయం తీరుతుంది. పిల్లల సంగతి, మిగతా సంగతి డాక్టరు దగ్గర నోరు విప్పి అడగండి, దారులున్నాయి.

సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంతో చెప్పే ప్రభుత్వ పత్రం) లేకపోతే ముందు అది. ఎన్టీఆర్ భరోసా పింఛను కింద 2024 జులై నుంచి దివ్యాంగులకి నెలకి 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకి 15,000. పైపులు, జెల్లీ ఖర్చు నేను అందులోంచే తీస్తాను, పింఛను అందిన రోజే నెలకి సరిపడా కొనేస్తాను.

ప్రయాణం సంచీ ఎప్పుడూ సర్ది తలుపు వెనక తగిలించి ఉంటుంది: లెక్కకన్నా రెండు పైపులు ఎక్కువ, జెల్లీ, మూత సీసా, సబ్బుకాగితాలు, నల్ల ప్లాస్టిక్ కవర్లు, ఒక లుంగీ, మార్చుకోవడానికి ప్యాంటు. బస్సులో పలాస నుంచి విశాఖ అంటే నాలుగు గంటలకి అటూ ఇటూ, అంటే ఒక వేళ. ఎక్కే ముందు ఖాళీ, దిగగానే ఖాళీ. రైల్లో బాత్రూంలోకి కుర్చీ పట్టదు. నేను బెర్తు మీదే లుంగీ కప్పుకుని సీసాలోకి చేసేస్తాను. మొదటిసారి చేతులు వణికాయి. ఎదుటి బెర్తాయన పేపరు చదువుకుంటూనే ఉన్నాడు.

నిరుడు దసరా తర్వాతి మంగళవారం విజయనగరం వెళ్ళాం, పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూడ్డానికి. పడ్డ తర్వాత అదే మొదటిసారి. సిరిమాను కదిలేది మధ్యాహ్నం మూడు దాటాకే, జనంలో ఇరుక్కుంటే చీకటి పడేదాకా బయటికి రాలేం. అందుకని పదకొండు తర్వాత గుక్కెడు నీళ్ళతో సరిపెట్టి, రెండుంబావుకి బంధువుల ఇంట్లో ఖాళీ చేసుకుని మూడు లాంతర్ల కూడలి వైపు బయల్దేరాను. ఆరున్నరకి వచ్చి చూస్తే 410. దాని పక్కన మా అమ్మాయి పెన్నుతో సిరిమాను బొమ్మ గీసింది.